కొండమీద వేట, కాపరికి వాటా

2024 డిసెంబరు మాసమున పాకిస్తాను ఉత్తర సీమయందలి చిత్రాల్ కొండలలో ఒక అమెరికా దేశస్థుడు మార్ఖోర్ అను అడవిమేక జాతి పోతును ఒకే ఒకదానిని తుపాకితో కొట్టుటకై 2,71,000 డాలర్లు, అనగా మన లెక్కలో రెండు కోట్ల రూపాయలకు పైబడిన ధనమును, చెల్లించెను. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమలకు 75 శాతము రాయితీపై గొర్రెలను పంచ నారంభించినపుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిసిన యూనిట్టు కొకదానికి కట్టిన వెల 1,25,000 రూపాయలు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, అచ్చట ఒక మృగమునకు పలికిన ధరతో ఇచ్చట నూట ఎనుబది కుటుంబములకు మందలు సమకూర్పవచ్చునని తేలుచున్నది. ధనవంతుల వేడుకకు హద్దు లేదని నిట్టూర్చి పుట త్రిప్పివేయుట సులభమే. కాని ఆ ధనములో నూటికి ఎనుబది పాళ్ళు ఆ కొండపాదమున మేకలను, గొర్రెలను కాచుకొని బ్రతుకు పల్లెలకే చెందవలెనని అచ్చటి నిబంధన నిర్దేశించుచున్నదనియు, మిగిలిన ఇరువది పాళ్ళు మాత్రమే ప్రభుత్వమునకు పోవుననియు తెలిసినపుడు ఈ విషయము వేడుకల వార్తగా మిగులక విచారింపదగిన ప్రజావిషయమగుచున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పాఠకునకు దూరపర్వతములలోని అడవిమేకల, అడవిగొర్రెల వేటతో నిమిత్తమేమని అడుగువారుందురు. అడవిగొర్రె మన నేలది కాదన్నమాట నిజమే. పదివేల యేండ్లకు పూర్వము ఇరాను, అనటోలియా కొండలలో మచ్చికయైన జంతువు, మనుష్యుల వెంట తరతరములుగా నడచి నడచి, దక్కను పీఠభూమికి వచ్చి చేరినది. ఐనను మచ్చికయైన ఆ గొర్రెకు నేడు తెలంగాణమును మించిన నెలవు ఈ దేశమున లేదు. 2019 నాటి పశుగణనలో దేశమునందలి ఏడుకోట్ల నలుబది రెండు లక్షల గొర్రెలలో కోటి తొంబది లక్షలు తెలంగాణలోనే లెక్కకు వచ్చినవి. రెండవ స్థానము ఆంధ్రప్రదేశ్‌ది. సూర్యాపేటకు కొలది మైళ్ళ దూరమున, చివ్వెంల మండలము దురాజ్‌పల్లి గుట్టపై రెండేండ్ల కొకమారు జరుగు పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర, జనము నోట గొల్లగట్టు జాతర, మేడారము తరువాత తెలంగాణమున అంత పెద్దదని పేరు పొందినది. భేరీల మ్రోతయు, ‘ఓ లింగా’ యను కేకలును మిన్నుముట్టుచుండగా, గజ్జెల లాగులు తొడిగిన యాదవుల వెంట పొట్టేళ్ళు ఆ గుట్ట నెక్కుచుండ, హైదరాబాదు–విజయవాడ రహదారిమీది వాహనములే ఆ దినములలో దారి మళ్ళవలసి వచ్చును. గొర్రె యెవరిది, దాని వెల యెవరి చేతికి చేరును, అది మేయు నేలపై హక్కెవరిది అను మూడు ప్రశ్నలను ఇంత దగ్గరగా ఎరిగిన జనము మరియొక చోట అరుదు. పర్వతములలోని వేటను గురించి విచారింపవలసినవియు సరిగా ఈ మూడు ప్రశ్నలే.

అడవిగొర్రెలు ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల పర్వతశ్రేణులలో పలు జాతులుగా వ్యాపించియున్నవి. వానిలో పామీరు పీఠభూమిపై తిరుగు అర్గాలి శాఖ కొమ్ముల నిడివిచేత జగత్ప్రసిద్ధము. పదమూడవ శతాబ్దిలో ఆ దారిన చీనాకు పోయిన వెనీసు వర్తకుడు మార్కో పోలో ఆ కొమ్ములను చూచి విస్తుపోయి వర్ణింపగా, 1841లో ఎడ్వర్డ్ బ్లైత్ అను జంతుశాస్త్రవేత్త ఆ జాతికి ఆయన పేరే పెట్టెను. వంపు వెంబడి కొలిచినచో ఆ కొమ్ము ఆరడుగులు దాటిన సందర్భములు కలవు. ఆ కొమ్ము కొరకే వేటగాండ్రు భూగోళము నావలి కొసనుండి వచ్చి, తజికిస్తానులోని ముర్గాబ్ వంటి, చెట్టు మొలవని, నాలుగువేల మీటర్ల ఎత్తునగల మంచుబయళ్ళలో విడిది చేయుదురు.

అచ్చట వేట నడచు తీరు తెలిసికొనినగాని వాదమునందలి మర్మము బోధపడదు. విడిది నిర్వహించు సంస్థ అనుమతిపత్రమును, వాహనమును, తిండిని, పడకను సమకూర్చును. తెల్లవారకమునుపే మార్గదర్శులు జీపులోనో గుఱ్ఱముపైనో బయలుదేరి, ఒక గట్టు చాటున పొట్టపై పండుకొని, దుర్భిణితో ఎదుటి వాలును అంగుళ మంగుళముగా గాలింతురు. మంద కనబడిన పిమ్మట మొదట చూచునది మంద కాదు, గాలి. గాలి తమ మీదుగా మందవైపునకు వీచుచున్నచో, ఆ దినమెల్ల చుట్టు తిరిగి పోవలసివచ్చినను పోవలసినదే. పొట్టేళ్ళలో ముసలిది ఏదో, కొమ్ముమీది ఏటేటి వలయములను దూరమునుండియే లెక్కించి నిర్ణయింపవలెను. ఈడు మీరిన దానినే కొట్టవలెనను నియమము మంచి వేటసీమ లన్నిటను కలదు. ఆ పిమ్మట, పలుచని గాలిలో ఊపిరి అందక రొప్పుచున్న అతిథిని చేయిపట్టి నడిపించి, కొన్ని వందల గజముల దూరమున రాతిపై తుపాకి నిలిపి, ఇదిగో ఇదియని చూపవలెను. మీట నొక్కుట అతిథి వంతు. పడిన పొట్టేలి తలను, తోలును ఒలిచి ఉప్పు పట్టించుట, మాంసమును పల్లెకు చేర్చుట, అంతర్జాతీయ ఒప్పందముల మేరకు ఎగుమతి కాగితములు సిద్ధపరచుట మరల వారి వంతు. ఈ వేటయందు గురి తప్ప తక్కిన విద్య యంతయు మార్గదర్శిదే. ఆ మార్గదర్శి కిర్గిజ్, వఖీ, బల్తీ జాతులకు చెందిన గొర్రెల కాపరి యగుట సర్వసాధారణము. మంద ఏ వాలున ఏ వేళ మేయునో, మంచు కురియుటకు ముందు ఎటు దిగునో అతడు ఏ పుస్తకమునను చదువలేదు. తన గొర్రెలను కాచుచు నేర్చినాడు.

ఇట్టి వేటవలన అడవిమృగము పెరుగునని చెప్పువారి పక్షమున బలమైన నిదర్శనములే యున్నవి. బలూచిస్తానులోని టోర్‌ఘర్ కొండలలో 1980ల నడుమ, ఆఫ్ఘను యుద్ధము పుణ్యమా యని ఇంటింటికి తుపాకులు చేరి, ఉరియాల్ గొర్రెలును మార్ఖోర్ మేకలును కంటికి కరవగుచున్న దశలో, ఆ సీమ పఠాను పెద్దలు కొందరు వేటను నిలిపివేయించి, నిన్నటి వేటగాండ్రనే నేటి కాపలాదారులుగా జీతమిచ్చి పెట్టుకొనిరి. ఆ జీతములకు మూలధనము ఏటా విదేశీయులకు అమ్మిన రెండు మూడు వేటల రుసుము. సంఖ్య పెరిగినది. గిల్గిత్, చిత్రాల్ ప్రాంతములు అదే త్రోవ పట్టినవి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2015లో మార్ఖోర్‌ను అంతరించిపోవు జాతుల పట్టికనుండి తప్పించి తక్కువ ప్రమాదము గల వర్గమున చేర్చినది. మార్ఖోర్ గొర్రె కాదు, మేక. కాని వాదమునకు అది అడ్డు రాదు. ఒక మృగము బ్రతికియున్నందువలన పల్లెకు బడి, మందుల కొట్టు, నీటి కాలువ వచ్చుచున్నపుడు ఆ మృగమును దొంగచాటున చంపినవాడు పల్లె సొత్తును అపహరించినవాడగును. అట్టి దొంగను పట్టుకొనుటకు అడవిశాఖ జవాను పనిలేదు.

ఐనను నాణెమున్నచోట నకిలీ తప్పదు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున రామ్ మౌంటెన్ అను కొండపై బిగ్‌హార్న్ గొర్రెలను దశాబ్దములపాటు ఒక్కొక్కదానిని గుర్తుపట్టి లెక్కించిన శాస్త్రజ్ఞులు, పెద్ద కొమ్ముల పొట్టేళ్ళనే ఏరి ఏరి కొట్టుటవలన తరతరమునకు కొమ్ము చిన్నదగుచున్నదని 2003లో ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత వాదప్రతివాదములు చెలరేగినవి గాని, ఏరివేత మందను మార్చునన్న మాటను మన గొల్లలెవరును కాదనజాలరు. విత్తనపు పొట్టేలును కోతకు అమ్ముకొన్న కాపరికి మరుసటి యేటి మంద ఎట్లుండునో వారెరుగుదురు. ఇంతకంటె విపరీతము మోంటానా రాష్ట్రమున జరిగినది. అచ్చట 2013లో ఒక్క బిగ్‌హార్న్ అనుమతి వేలమున 4,80,000 డాలర్లు పలుకగా, ఆ ధరల వెలుగు చూచి కన్ను చెదరిన పశుపాలకుడొకడు కిర్గిజిస్తాను నుండి అర్గాలి మాంసఖండములను దొంగతనముగా తెప్పించి, ప్రయోగశాలలో దానినుండి ప్రతిరూపపు పిండములను చేయించి, ఇంటి గొర్రెల గర్భమున పెంచి, అట్లు పుట్టిన పొట్టేలికి ‘మోంటానా మౌంటెన్ కింగ్’ అని నామకరణము చేసి, కంచెలలో వేట సాగించు వారికి దాని సంతానమును అమ్మజూచి, 2024లో ఆరుమాసముల కారాగారశిక్ష పొందెను. కొండను కాపాడుటకై పుట్టిన బేరము కొండతోనే పని లేని బేరముగా మారుటకు ఇంతకు మించిన దృష్టాంతము వెదకనక్కరలేదు.

మన దేశమున అడవిగొర్రెలు లేకపోలేదు. లడాఖులో అర్గాలియు, ఉరియాలును కలవు. గొర్రెకును మేకకును నడుమ నిలిచిన భరల్ హిమాలయము పొడవునను కలదు. ఆంగ్లేయుల కాలమున కాశ్మీరు మహారాజు అనుమతిపత్రములతో తెల్లదొరలు కాశ్మీరీ షికారీలను వెంటబెట్టుకొని ఆ లోయలలోనికి పోయి కొమ్ములు తెచ్చుకొనెడివారు. స్వాతంత్ర్యానంతరమును షికారు వ్యాపారము ఆగలేదు. 1950, 60 దశకములలో విదేశీ అతిథులకు పులినే చూపింతుమని మాటయిచ్చిన సంస్థలు మధ్యభారతమున వర్ధిల్లినవి. 1970లో పులివేట నిషిద్ధమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను ఒక్కమారుగా రద్దు చేయలేదని, లైసెన్సులపై కొన్ని మృగములను కొట్టుటకు వీలు కల్పించియే యుంచినదని నేడు పెక్కుమందికి జ్ఞప్తి లేదు. ఆ లైసెన్సులను తుడిచివేసినది 1991 నాటి సవరణ. నేపాలము అందుకు భిన్నమైన త్రోవ త్రొక్కి, ధోర్‌పాటన్ అను వేటసీమను ప్రత్యేకించి, 1,325 చదరపు కిలోమీటర్ల మేర భరల్ వేటను రుసుముపై నేటికిని సాగనిచ్చుచున్నది. లడాఖు మూడవ త్రోవ పట్టినది. అచ్చట నిన్నటి షికారీల దేశమునందే నేడు పల్లెవారు తమ యిండ్లలో అతిథులకు గది యిచ్చి, మంచుచిరుతను, అది పొంచి పట్టు భరల్ మందలను దుర్భిణిలో చూపించి, ఆ కూలిపై శీతకాలము గడుపుకొనుచున్నారు. తుపాకి పోయినది, మార్గదర్శి నిలిచినాడు.

మన తెలంగాణమున ఇట్లు ఇతరులు దారి చూపగా సాగు వేటకు చరిత్ర లేదనుకొనుట పొరపాటు. 1902లో వైస్రాయి కర్జను నిజాము అతిథిగా వరంగల్లు ప్రాంతపు నెక్కొండ అడవులలో పులివేట సాగించి, చచ్చిన పులి చెంత సతీసమేతముగా నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. తీసినవాడు నిజాము కొలువునందలి ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ స్వయముగా పులివేటలో దిట్టయని కీర్తి గడించినవాడు. అట్టి షికారునకు మంచె కట్టినవారు, డప్పులు కొట్టుచు పొదలు గాలించి హాకా తోలినవారు, ఎర కట్టుటకు దున్నపోతును తోలుకొని వచ్చినవారు ఆ చిత్రములో ఎచ్చటనున్నారో, ఉన్నను వారి పేరేమో ఎవరును వ్రాసియుంచలేదు. వారికి కూలి ఎంత ముట్టినదన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఆ కాలమున పల్లెకు పర్యటనకై వచ్చిన అధికారి సామాను మోయుట, వంటకు కట్టెలు, కోళ్ళు సమకూర్చుట, దొర ఇంట శుభకార్యమునకు గొల్లవాడు గొర్రెనిచ్చుకొనుట వెట్టి యను ఒకే మాట క్రింద చెల్లిపోయెడివి. ఆ వెట్టిపై తిరుగుబాటే 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధపోరాటమునకు ఊపిరి. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు దానికి పట్టుకొమ్మలు. 1946 జూలై 4న కడివెండిలో మొదటి తుపాకిగుండునకు కూలిన దొడ్డి కొమరయ్య గొర్రెలకాపరుల కులమునందు పుట్టినవాడు. కనుక మృగమును ముందుంచుకొని దొరకును ప్రజకును నడుమ జరుగు బేరము ఎట్లుండునో ఈ జిల్లా పెద్దలు ఎవరివద్దను నేర్చుకొనవలసిన అవసరము లేదు. టోర్‌ఘర్‌కును నెక్కొండకును భేదము తుపాకిలో లేదు. హాకా తోలినవానికి వాటా యున్నదా లేదా యన్నచోటనే యున్నది.

ఈ కారణముచేతనే మన దేశమున లైసెన్సు వేటలను మరల తెరువవలెనని అప్పుడప్పుడు వినబడు సూచనను ఈ వ్యాసకర్త అంగీకరింపలేడు. కాపాడుటకు ధనము కావలెను గనుక కొట్టుటకు అనుమతి అమ్ముదమనుట, ఆ ధనము పల్లెకు చేరు త్రోవ ముందుగా వేయబడియున్నచోట మాత్రమే తర్కసమ్మతము. మనకు ఆ త్రోవ ఎట్లున్నదో గొర్రెల పంపిణీ పథకమే చెప్పినది. గొర్రెలను తరలించిన వాహనముల పట్టీలలో మోటారు సైకిళ్ళ నంబర్లును, అంబులెన్సుల నంబర్లును కనబడినవని కాగ్ తన నివేదికలో ఎత్తిచూపెను. 2024లో ఏసీబీ కేసులు నమోదు చేసి అధికారులను అరెస్టు చేసెను. అంబులెన్సులో గొర్రె ప్రయాణము చేసిన రాష్ట్రమున కొమ్ము వేలము సొమ్ము మాత్రము నేరుగా అడవిపల్లెలకు చేరునని నమ్ముట సాహసము. మచ్చికయైన గొర్రె విషయముననే లెక్క తప్పినపుడు, అడవిలోని మృగము లెక్కను ఎవరికి అప్పగింతుము?

మనకును ఒక కొండగొర్రె కలదు. జనము ఆ పేరున పిలుచునది గొర్రె కాదు, నాలుగు కొమ్ముల చిన్న జింక, కొమ్ములున్నది మగదానికే. రెండడుగుల ఎత్తున, మందలు కట్టక ఒంటరిగా తిరుగుచు, నీటిజాడ విడువని ఈ ప్రాణి భారత, నేపాల దేశములలో తప్ప ప్రపంచమున మరెక్కడను లేదు. చట్టము దీనిని మొదటి షెడ్యూలున చేర్చి పులితో సమానముగా రక్షణ కల్పించినది. మిర్యాలగూడ దాటి నాగార్జునసాగరు మీదుగా చందంపేట, దేవరకొండ వైపునకు పోయినచో నల్లగొండ జిల్లా అడవులు కృష్ణ వెంబడి నల్లమలతో కలియును; 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యమున ఆ భాగమును చేరియున్నది. ఈ అడవి మార్గదర్శి చెంచు. 1943లో మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ చెంచులపై గ్రంథము ప్రకటించుటకు ఎన్నో తరముల ముందునుండి అతడు ఆ అడవి గట్లను, చెలమలను ఎరిగినవాడు. నేడు మన్ననూరునకు వచ్చు యాత్రికులను వెంటబెట్టుకొని పోవువాడును, పులి అడుగును చూచి ఏ జాముననో పోయినదని చెప్పువాడును అతడే. ఐతే అతనికి ముట్టునది కూలి; వాటా కాదు. ఈ రెంటికిని గల అంతరమును చిత్రాల్ కాపరి గుర్తించినాడు, మన ప్రభుత్వము ఇంకను గుర్తింపలేదు. సఫారి టిక్కెట్టులో, గది అద్దెలో ఇంతపాలు పెంటలనబడు చెంచుగూడెములకు నేరుగా జమపడవలెనని ఉత్తర్వులో అంకె వ్రాసి ప్రకటించుటకు ఒక్క మృగమును చంపనక్కరలేదు.

అడవికిని మందకును గల సంబంధమున మరియొక పార్శ్వమున్నది. అది రుసుములకంటె తీవ్రమైనది. బిగ్‌హార్న్ గొర్రెలను అమెరికాలో తుపాకికంటె ఎక్కువగా తుడిచిపెట్టినది ఇంటిగొర్రెలనుండి సోకు ఊపిరితిత్తుల రోగము. మచ్చికగొర్రె ముక్కులో హాని చేయక నివసించు సూక్ష్మజీవి అడవిగొర్రెకు మృత్యువగుచున్నది. మంగోలియాలో 2016–17 శీతకాలమున పశువుల మందలనుండి పారుడు వ్యాధి, అనగా పీపీఆర్, సైగా జింకలకు సోకి వేలకొలదిగా నేలకూల్చినది. ఈ వ్యాధి మన దేశమున మొదట బయటపడినది 1987లో, తమిళనాటి విల్లుపురము ప్రాంతమున. నాటినుండి మన గొల్లలకు అది చుట్టము వలె ఏటేట వచ్చిపోవుచున్నది. ఎండకాలమున మేత కరవై మందలు కృష్ణ ఒడ్డునకును, అడవి అంచులకును తోలబడినపుడు, దుప్పి, కొండగొర్రె, ఇంటిగొర్రె ఒకే చెలమలో మూతి పెట్టును. టీకా యున్నది, చవకయే, ఫలము చాలకాలము నిలుచును. అడవి అంచునకు పోవు మందకు బయలుదేరకముందే టీకా వేయించుట పశువైద్యశాఖకు చిన్న పని. పులులకు తిండియైన దుప్పులను కాపాడుటలో దీనికంటె చవకైన ఉపాయము అడవిశాఖ వద్ద లేదు. ఐనను ఈ రెండు శాఖలు తమలో తాము మాటలాడుకొనుట అరుదు.

మందలు అడవి అంచునకు ఏల పోవుచున్నవన్న ప్రశ్నకు జవాబు మన పచ్చదనమునందే యున్నది. 1967 ఆగస్టులో సాగరు కాలువలకు నీరు విడిచిన పిదప ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ సీమలు వరిమాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు దేశమంతట పేరు వచ్చినది. సంతోషమే. కాని బీళ్ళును, గుట్టల పోరంబోకులును, గొర్రె మేసిన చెలకలును ఆ మాగాణిలో కలిసిపోయినవి. మట్టపల్లి, హుజూర్‌నగర్ వైపు సున్నపురాతి నేలలు సిమెంటు కర్మాగారములకు చేరినవి. ఈనాడు కాపరికి మిగిలినది కోతలైన మళ్ళలో మంద కట్టి, ఎరువుకు బదులుగా రైతు ఇచ్చు ధాన్యమో డబ్బో తీసికొనుట. నాట్లు పడిన పిదప ఆ మేతయు లేదు. యూనిట్టు లెక్కన గొర్రెలను పెంచిన ప్రభుత్వము మేతనేలను ఒక్క ఎకరమైనను పెంచలేదని చెప్పుట నిష్ఠురమైనను నిజము.

ఇక పంటను పాడుచేయు అడవిపందుల సంగతి. గుట్టల అంచు పల్లెలలో రైతు మొక్కజొన్నను, వేరుసెనగను రాత్రివేళ కావలి కాయలేక, చేనుచుట్టు కరెంటు తీగ లాగి, ఒక్కొక్కమారు ఆ తీగకు తానో తన పొరుగువాడో బలియగుచున్నాడు. అనుమతి పొందిన గురికాండ్రచేత పందులను కాల్పించుటకు ప్రభుత్వము ఉత్తర్వులిచ్చినది. చట్టపు పదునొకండవ సెక్షను అందుకు అవకాశమిచ్చుచున్నది. అవసరమైనచోట అది తప్పదు. ఐనను అది వేట కాదు, వ్యవసాయమునందలి ఒక దుఃఖకరమైన పని. దానిని షికారు సరదాకు తలుపుగా తెరువజూచువారిని జిల్లా అధికారులు దూరముగా నుంచవలెను. రైతు కోరునది గురికానిని కాదు, నష్టపరిహారమును. పంట పోయిన నెలలోపున సొమ్ము ఖాతాలో పడునన్న నమ్మిక కలిగిననాడు కరెంటు తీగ తీయించుటకు పోలీసులు తిరుగనక్కరలేదు.

కాపరి హక్కు విషయమున చట్టము మనవైపే యున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము స్థిరముగా నుండి మేపుకొను వారికే గాక ఋతువును బట్టి మందలతో తిరుగువారికిని మేతహక్కును గుర్తించినది. ఆదివాసేతరులు మాత్రము మూడు తరములు, అనగా 75 ఏండ్లు, ఆ అడవినాశ్రయించి బ్రతికినట్లు నిరూపింపవలెను. తాత త్రోవనే నడచిన గొల్లవాని వద్ద కాగితముండదు. ఐనను మంద నిలిపిన పల్లెల పెద్దల సాక్ష్యమును గ్రామసభ స్వీకరింపవచ్చునని నియమములలోనే యున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నియోజకవర్గముల శాసనసభ్యులు శాసనసభలో యూనిట్టుల సంఖ్యను గూర్చి వాదులాడినంత పట్టుదలతో ఈ దరఖాస్తులను గూర్చి ఒక్కమారైనను అడుగవలెను. గొర్రెల పెంపకందారుల సహకార సంఘములు ఆ సాక్ష్యములను ఈ వేసవిలోనే సేకరించి, దేవరకొండ, చందంపేట గ్రామసభల ముందుంచవలెను.